నిండని డబ్బా

"బిగించొద్దు శ్రీనివాస్, చెప్తున్న గద. తెచ్చింది తెచ్చినట్టే తీసుకపో," అంది స్తుతి మళ్ళీ.

కేబుల్ శ్రీనివాస్ స్టూలు మీద నిలబడి, డ్రిల్లు మిషన్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. వంటింటి గడపలో నిలబడ్డ స్తుతి మాట వినాలా, కొత్త సెట్‌టాప్ బాక్సు అట్టపెట్టెను చంకలో పెట్టుకుని పక్కనే ఉన్న ఆమె మొగుడు సుకుమార్ మాట వినాలా, అతనికి తోచలేదు.

"నువ్వు కానియ్యి తమ్ముడూ," అన్నాడు సుకుమార్, భార్య వైపు తిరక్కుండానే.

"మీరిద్దరు ఒక మాట అనుకోండి అన్నా. నేను సాయంత్రం వస్త."

"అనుకునేది ఏం లేదు. ఒక డబ్బా తీసి ఇంకో డబ్బా పెడుతున్నం, గంతే."

డ్రిల్లు గోడలో దిగింది. సిమెంటు పొడి ఏసు తిరుహృదయ పటం మీద రాలింది. టీవీ పక్కనే వేసిన దివాను మీద, సుకుమార్ తల్లి జోజమ్మ నెత్తిన కూడా రాలింది. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. జపమాల తిప్పుతున్న వేళ్ళు మాత్రం ఆగలేదు. భద్రాచలం దవాఖానాలో కోడలికి ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చిందన్న సంగతి మంగళవారం బయటపడింది. ఆనాటి నుంచి జోజమ్మ ఆ దివాను దిగింది తక్కువ. నోరు తెరిచింది అంతకంటే తక్కువ.

షుగరు ఆమె కళ్ళను మెల్లగా తినేసింది. ఇప్పుడు ఆమెకు మిగిలింది వెలుతురు, నీడ, ఎవరైనా అడ్డం వస్తే ఒక మసక. టీవీలో మాటలు వినపడతాయి గానీ, మాటలు లేని చోట ఏం జరుగుతోందో ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరు తలుపు చాటున నిలబడి వింటున్నారు, ఎవరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరు ఏ రంగు చీర కట్టారు. ఆ ఇంట్లో దానికి బొమ్మ చెప్పడం అని పేరు. స్తుతి కూతురు ఏంజెల్ ఉన్నన్నాళ్ళు తల్లీకూతుళ్ళు వంతులేసుకున్నారు. జూన్‌లో ఏంజెల్ ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఇక వంతుల్లేవు. ఉన్నదంతా స్తుతిదే.

పాత డబ్బాకు వెనక ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉండేది. రెండు మూడు సీరియళ్ళు రికార్డయి ఎక్కేసరికి అది నిండిపోయేది. "జాగ లేదంటుంది అత్తమ్మా, ఇయ్యాల్టికి ఎక్కలేదు," అని స్తుతి చదివి వినిపించేది. అప్పుడప్పుడు నిండకపోయినా నిండిందని చదివేది. ఆ పూటకు ఆమె మేడ మీదికి వెళ్ళి, బట్టలు తీసే వంకన కాసేపు ఖమ్మం ఖానాపురం ఇళ్ళ మీదుగా ఆకాశం వంక చూసి వచ్చేది. ఆమెకున్న సెలవు అదొక్కటే.

శ్రీనివాస్ వైర్లు కలిపి, స్టూలు దిగి, రిమోట్ తుడిచి సుకుమార్ చేతికిచ్చాడు.

"పాతదానికి దీనికి పోలికే లేదన్నా. లోపల హార్డ్‌డిస్క్ ఉంది. ఒకటి చూస్తుంటే ఇంకో రెండు దానంతటవే రికార్డు అయితయ్. సీరియల్ పేరు ఒక్కసారి చెప్తే చాలు, రోజూ అదే పట్టుకుంటది. ఇగో, ఈ బటన్. టీవీలో వచ్చేది వచ్చినట్టే ఆపొచ్చు. నువ్వు పోయి అన్నం తినొచ్చి మళ్ళ ఒత్తితే, ఆపిన కాడ నుంచే షురూ అయితది."

"ఎప్పటికీ నిండదా అయ్యా?"

అడిగింది జోజమ్మ. జపమాల వేళ్ళ మధ్య ఆగి ఉంది.

"నిండుడు కష్టమే పెద్దమ్మా. నిండినా పాతవి అదే చెరిపేసుకుని కొత్తవి పట్టుకుంటది. ఎవరూ చూడనక్కర లేదు."

"మంచిగుంది," అంది జోజమ్మ.

సుకుమార్ ముఖం వెలిగిపోయింది. "ఇన్నవా స్తుతీ? పొద్దుగూకంగనే టీవీ ముందు కూసోవాలె, కాలు కదపనీకి లేదు అని ఏడ్చినవ్ గద మొన్న. ఇగ ఆ బాధ లేదు. నీకు ఎప్పుడు వీలయితే అప్పుడు పెట్టుకో. నీకోసమే తెప్పిచ్చిన ఇది."

స్తుతి, శ్రీనివాస్ పాత డబ్బాను, దాని వైరును సంచిలో వేసుకుంటుంటే చూస్తూ నిలబడింది. "వస్త వదినా," అని అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు.

* * *

వంటింట్లో కుక్కర్ పొయ్యి మీద పెట్టి, స్తుతి స్టవ్ ముందే నిలబడింది. సుకుమార్ వెనకాలే వచ్చాడు.

"ఏంది నీ కోపం? బయటోడి ముందు గట్లనా మాట్లాడేది?"

"సోమవారం పొద్దున పోయి చేరాలె బావా. నేను అడిగింది అదొక్కటి. దానికి నువ్వు చెప్పిన జవాబు ఈ డబ్బానా?"

"భద్రాచలంలో ఏముందే, గోదారి తప్ప? అది కూడ పొంగుతుందంటున్నరు. బస్సులు ఎక్కడ ఆగుతయో ఎవరికి ఎరుక?"

"పని ఉంది. వానలు పడ్డయ్, జ్వరాలు మొదలైనయ్. అడవి ఊర్ల నుంచి వచ్చేటోళ్ళకు మలేరియా పరీక్షలు చెయ్యాలె, మనుషులు చాలుతలేరంట."

"ఖమ్మంలో లేవా ల్యాబులు?"

స్తుతి వెనక్కి తిరిగింది. "ఉన్నయ్. పోయిన గద. నెల తిరక్కముందే ఎవరు మానిపిచ్చిన్రు? సాయంత్రం వచ్చే పేషెంట్లను ఇడిసిపెట్టి, అత్తమ్మ సీరియల్ టైముకు ఇంటికి రావాలె అన్నది ఎవరు?"

"అప్పుడు ఈ డబ్బా లేదు. ఇప్పుడు ఉంది. ఇప్పుడు పో, ఇక్కడనే చూసుకో. రాత్రి వచ్చినాక అమ్మకు అన్నీ వరసగ పెట్టు. అన్నీ అందులోనే ఉంటయ్ గద."

అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. అందులో మోసం లేదు. గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఏ మిషన్ ఎక్కడ పట్టేసిందో చూసి, దానికి కావలసిన సామాను తెప్పించి బిగించే మనిషి. ఇల్లు కూడా అలాగే నడుస్తుందని అతని నమ్మకం. అందుకే స్తుతికి అతని మీద ఒక్కోసారి కోపం కూడా నిలబడేది కాదు.

"రాత్రి వచ్చినాక," అంది నెమ్మదిగా. "ముందైతే కరెంటు పోయేది, జాగ నిండేది, సీరియల్ అయిపోయేది. ఏదో ఒకటి నన్ను లేపేది. ఇగ ఏదీ లేపదు. నేను ఎప్పుడొస్తే అప్పుడు అది కాసుకుని కూసుంటది. నేను నీకు పెళ్ళాన్నా, ఆ డబ్బాకు నోరునా బావా?"

కుక్కర్ విజిల్ వేసింది. స్తుతి మంట తగ్గించింది.

"మరి అమ్మను ఎవరు చూస్తరు?"

"నువ్వు. సూది మందు ఇచ్చుడు నేర్పిచ్చిన. మధ్యాహ్నం అన్నం పెట్టనీకి పక్క వీధిలో మనిషిని అడిగి పెట్టిన. శనివారం సాయంత్రానికి నేను వస్త."

"అన్నం పెట్టుడు ఎవరైనా పెడతరు. బొమ్మ ఎవరు చెప్తరు?"

"నువ్వు చెప్పు."

"నాకు రాదు."

"నాకు మాత్రం పుట్టంగనే వచ్చిందా?"

సుకుమార్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరికి చేస్తున్నాడో స్తుతికి అర్థమయ్యేసరికే అవతల గొంతు పలికింది. పెనుబల్లి నుంచి ఆమె తండ్రి లూకా.

"మామా, నీ బిడ్డకు నువ్వే చెప్పు. నాతోని అయితలేదు," అని సుకుమార్ స్పీకర్ పెట్టి ఫోన్‌ను స్టవ్ పక్కన గట్టు మీద ఉంచాడు.

లూకా కాసేపు దగ్గాడు. పాత మనిషి, మాటకు ముందు గొంతు సవరించుకునే అలవాటు.

"స్తుతమ్మా."

"చెప్పు నాన్న."

"మీ అమ్మ పోయిన నాడు నీకు పాలపళ్ళు కూడా ఊడలే. నిన్ను ఎవరు ఎత్తుకున్నరో యాదికి ఉందా?"

"ఉంది."

"ఎవరు?"

స్తుతి మూసి ఉన్న తలుపు వైపు చూసింది. అవతల దివాను. ఆ ఇంటి గోడలకు మాట ఆపే మందం లేదు. "అత్తమ్మ," అంది.

"మా అక్క తన ఒళ్ళో ఇద్దరిని పెట్టుకున్నది, నిన్ను, నీ మొగుణ్ణి. తన కొడుకుకు నిన్నే చేసుకున్నది. నీ చదువు కూడ ఆమె చదివిపిచ్చిందేనాయె. కండ్లు పోయినాక ఇడిసిపెట్టి పోతనంటవా?"

"ఇడిసిపెడుతలేను నాన్న. వారం వారం వస్త..."

"నేను అడిగినదానికి జవాబు చెప్పు."

ఆమె దగ్గర ఉన్నది జవాబు కాదు, ఒక కోరిక. మైక్రోస్కోపు మీద కన్ను ఆనిస్తే, గులాబీ రంగు అద్దిన నెత్తుటి చుక్కలో ఉంగరాల్లాంటి చిన్న చిన్న మలేరియా క్రిములు కనిపించే ఆ క్షణం కావాలి. అక్కడ తను చూసింది ఎవరికీ చెబుతూ కూర్చోనక్కర లేదు. ఉందనో లేదనో రాస్తే చాలు. తన కళ్ళు కాసేపు తనవే అయి ఉంటాయి. ఈ మాట తండ్రికి ఎలా చెబుతుంది? చెబితే, కళ్ళు లేని మనిషి ముందు కళ్ళ గురించి మాట్లాడినట్టు ఉంటుంది.

"ఏమంటవ్?" అన్నాడు లూకా.

"ఏమనను నాన్న."

"మంచిది. దేవుడు నిన్ను దీవించునుగాక." ఫోన్ ఆగిపోయింది.

సుకుమార్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గెలిచినట్టు లేడు. "సాయంత్రం ఫ్యాక్టరీలో లోడింగ్ ఉంది, పోయొస్త," అని చెప్పులు వేసుకున్నాడు. గేటు దాటేముందు తిరిగి, "రిమోట్ టీవీ మీదనే ఉంది," అన్నాడు.

* * *

చీకటి పడుతుండగా జోజమ్మ పిలిచింది. "స్తుతీ, ఆ కొత్తది పెట్టరాదే, చూద్దాం."

చూద్దాం అనే ఆ మాట ఆమె మానలేదు. స్తుతి కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, దివాను కింద చాప మీద ఎప్పటి చోటే కూర్చుంది. సీరియల్ వచ్చింది. బొమ్మ ఇంత స్పష్టంగా ఎప్పుడూ లేదు. ఆ పెద్దింటి కోడళ్ళ ముఖాల మీద పౌడరు రేణువులు కూడా కనపడుతున్నాయి.

"ఎవరొచ్చిన్రు?"

"పొడుగు ముక్కామె."

"ఏ చీర?"

"పచ్చది. జరీ అంచు."

"కోపంగ ఉందా?"

"నవ్వుతుంది. లోపల కోపం ఉంది."

జోజమ్మ తలాడించింది. సీరియల్‌లో మనుషుల పేర్లు వాళ్ళిద్దరికీ అక్కర్లేదు. పొడుగు ముక్కామె, పెద్ద బొట్టామె, నత్తి పెద్దాయన, చిన్నకోడలు. అంతా స్తుతి పెట్టిన పేర్లే.

వంటింట్లో అన్నం మాడుతున్న వాసన వచ్చింది. స్తుతి లేవబోయింది.

"ఆపు, ఆపొచ్చన్నడు గద ఆ పిల్లగాడు," అంది జోజమ్మ.

స్తుతి బటన్ ఒత్తింది. చిన్నకోడలు ఏదో అనబోతూ, నోరు సగం తెరిచి అలాగే నిలిచిపోయింది. స్తుతి వెళ్ళి స్టవ్ కట్టేసింది. గిన్నె దించింది. మాడిన అడుగు వదిలేసి పైన అన్నం వేరే గిన్నెలోకి తీసింది. కావాలనే నెమ్మదిగా తీసింది. గిన్నె నానబెట్టింది, గట్టు తుడిచింది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. తిరిగి వచ్చేసరికి చిన్నకోడలు అలాగే ఉంది, నోరు సగం తెరుచుకుని. చీకటి గదిలో జోజమ్మ కూడా అలాగే ఉంది, తెర వైపు ముఖం పెట్టి. ఎవరికీ తొందర లేదు. ఎవరూ ఏదీ పోగొట్టుకోలేదు.

ఆ రెండు ముఖాల మధ్య చాప మీద కూర్చుంటుంటే స్తుతికి ఊపిరి ఆడనట్టయింది.

బటన్ ఒత్తింది. మాటలు మొదలయ్యాయి. నగల పెట్టె ఎక్కడికి పోయిందని పెద్ద బొట్టామె అరుస్తోంది. కోడళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"ఏం చేస్తుందే చిన్నకోడలు?"

స్తుతి తెర వంక చూసింది. చిన్నకోడలు ఏమీ చేయడం లేదు. స్తంభం పట్టుకుని ఏడుస్తోంది.

"బ్యాగు సర్దుకుంటుంది," అంది స్తుతి.

తన నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"బ్యాగా? ఎక్కడికి?"

"ఉద్యోగానికి."

"ఎవరూ ఆపుతలేరా?"

"అందరూ ఆపుతున్నరు. మొగుడు తలుపు కాడ నిలబడ్డడు. ఆమె వింటలేదు. చీరలు మడత పెట్టి, తెల్ల కోటు ఒకటి పైన పెట్టింది. ఇప్పుడు... ఇప్పుడు జిప్పు లాగుతుంది."

తెర మీద నగల పెట్టె దొరికింది. పూజగదిలోనే ఉందట. ఎవరో గట్టిగా నవ్వుతున్నారు.

"అత్త ఏమంటుంది?" అడిగింది జోజమ్మ.

"అత్త... అత్త ఏం అంటలేదు. ఊకనే కూసుంది."

"స్తుతీ."

"ఆ అత్తమ్మా."

"నాకు కండ్లు పోయినయ్ గని చెవులు పోలే. వాళ్ళేమో నగలంటున్నరు, నువ్వేమో బ్యాగంటున్నవ్. ఆపు దాన్ని."

స్తుతి ఆపింది. ఆపడం కాదు, టీవీయే బంద్ చేసింది. గది ఒక్కసారిగా నల్లబడింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. తిడుతుందనుకుంది. జోజమ్మ తిట్టలేదు. చెయ్యి చాచి తడుముతూ కోడలి తల పట్టుకుంది.

"నాకు ఆ నగల గోల మీద పాణం ఉందనుకున్నవా? ఆ పొడుగు ముక్కుది బతికినా నాకేంది, చచ్చినా నాకేంది?"

"మరి రోజూ..."

"టీవీ బంద్ అయితే ఈ ఇంట్ల నాతోని ఎవరు మాట్లాడుతరు బిడ్డా? వాడు వచ్చి ఫోన్ పట్టుకుంటడు. నువ్వు అంట్ల కాడ ఉంటవ్. ఏంజెల్ ఫోన్ చేస్తే 'నానమ్మా బాగున్నవా' అని పెట్టేస్తది. నువ్వు బొమ్మ చెప్పేటప్పుడే ఒక మనిషి నా పక్కన ఉన్నట్టు ఉంటది. అందుకని పెట్టుమంట."

స్తుతికి ఇన్ని సాయంత్రాలు ఆ చాప మీద తను పడ్డ విసుగంతా జోజమ్మకు తెలుసేమోనన్న భయం వేసింది.

"వాడు ఇంత పెద్ద డబ్బా తెచ్చింది ఎందుకనుకున్నవ్?" అంది జోజమ్మ. "నీకోసం కాదు, నాకోసం కాదు. తను వచ్చి నా పక్కన కూసోకుండ ఉండేటందుకు. నా కొడుకే గద, నాకు ఎరుక లేదా."

"బావకు నువ్వంటే పాణం అత్తమ్మా."

"అవ్, పాణమే. కూసోడు గంతే."

వీధిలో ఆటో ఒకటి వెళ్ళింది. దాని లైటు కిటికీలోంచి వచ్చి జోజమ్మ ముఖం మీదుగా పాకిపోయింది. ఆమె ఆ వెలుతురు పోయిన వైపు తల తిప్పింది.

"నిజం చెప్పు. నీకు పోవాలని ఉందా?"

మంగళవారం నుంచి ఎందరో ఎన్నో అడిగారు. ఎందుకు పోతావన్నారు, ఎట్లా పోతావన్నారు, ఎవరిని చూసుకుని పోతావన్నారు. ఈ మాట ఎవరూ అడగలేదు.

"ఉంది అత్తమ్మా," అంది స్తుతి. అనగానే ఏడుపొచ్చింది. "చాల ఉంది."

జోజమ్మ ఆమె తల నిమిరింది. "మంచిది," అంది. "మంచిది బిడ్డా. అన్నం పెట్టు."

* * *

ఆ రాత్రి స్తుతి చాన్నాళ్ళకు కలత లేకుండా నిద్రపోయింది. తెల్లారి లేచేసరికి ముందు గదిలో ఏదో సందడి. సుకుమార్ అటక మీది నుంచి పాత సూట్‌కేసు దించి దుమ్ము దులుపుతున్నాడు. జోజమ్మ దివాను మీద తన చీరలు పరుచుకుని, ఒక్కోదాన్ని అంచు తడిమి చూసుకుంటూ మడత పెడుతోంది. స్నానం చేసి ఉంది. ముఖానికి పౌడరు కూడా రాసుకుంది.

"లేచినవా బిడ్డా? నీ చీరలు కూడ తే. ఒకటే పెట్టెలో పడతయ్."

స్తుతి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎక్కడికి అత్తమ్మా?"

"ఎక్కడికేంది, భద్రాచలానికి. నీకు పోవాలని ఉందన్నవ్ గద. నేనూ వస్త. నువ్వు దవాఖానాకు పోయొచ్చేదాక నేను ఇంట్ల జపమాల చెప్పుకుంట. నీకు ఇంటి మీద బెంగ ఉండదు, నాకు నీ మీద బెంగ ఉండదు. లూకాకు పొద్దున్నే ఫోన్ చేపిచ్చిన. వాడు కూడ సంతోషపడ్డడు."

సుకుమార్ సూట్‌కేసు పక్కన పెట్టి లేచాడు. అతని ముఖంలో అంత తేలిక స్తుతి ఏళ్ళ తరబడి చూడలేదు. పెళ్ళైన కొత్తలో బండి మీద కిన్నెరసాని డ్యాముకు తీసుకుపోయిన నాటి ముఖం అది.

"నాకు తట్టనే లేదు చూడు," అన్నాడు. "అమ్మకు తట్టింది. ఎవరికీ ఇబ్బంది లేదు. శ్రీనివాస్‌కు ఫోన్ చేసిన. డబ్బా విప్పి ఇస్తనన్నడు. అక్కడి కేబుల్ వేరేనంట గని, ఇందులో ఎక్కినయ్ అన్నీ చూసుకోవచ్చేమో కనుక్కుంటన్నడు. ఆదివారం చర్చిల పూజ అయినాక నేనే కారు మాట్లాడి దింపొస్త."

"అక్కడ ఒకటే గది అత్తమ్మా," అంది స్తుతి. "నాతోని చదువుకున్న బాలి ఉంటుంది చూడు, ఆమె గది. ఇద్దరికే ఇరుకు."

"నాకు ఎంత జాగ కావాలె? మూలకు చాప ఏస్తే చాలు."

"పైన గది. మెట్లు నిట్టనిలువుగ ఉంటయంట."

"నువ్వు చెయ్యి పట్టుకుంటవ్ గద."

"గోదారి పొంగుతుందంట."

"పొంగనియ్యి. ఎంత దాక వచ్చిందో నువ్వు చెప్తుంటే వింట." జోజమ్మ నవ్వింది. పళ్ళు లేని చోట నాలుక కనపడేలా, చిన్నపిల్లలా నవ్వింది. "ఎన్నేండ్లయిందో గోదారి దిక్కు పోయి. నీళ్ళ చప్పుడన్నా వింట."

ఆ నవ్వు ముందు వద్దనడానికి కారణం ఒక్కటి కూడా లేదు. ఉన్న ఒక్క కారణం నోటితో అనగలిగేది కాదు.

అప్పుడే వంటింట్లో ఆమె ఫోన్ మోగింది. వెళ్ళి తెచ్చుకుంది. బాలి. వాకిట్లోకి పోబోతుంటే సుకుమార్, "ఇక్కడనే మాట్లాడు, బయట సిగ్నల్ ఉండదు," అంటూ కుర్చీ జరిపాడు.

బాలి గొంతు స్పీకర్ లేకపోయినా గది అంతా వినపడే గొంతు. "స్తుతీ, డ్యూటీ దిగి వస్తున్న. ఓనరమ్మ మెట్ల కాడనే పట్టుకుంది. గదికి ఇంకో మనిషి వస్తుందన్నవ్, ఒక్కతేనా, వెంట ఇంకెవరన్నా ఉన్నరా అని అడుగుతుంది. ఇద్దరి కంటే ఎక్కువైతే ఇయ్యదంట. వేరే పిల్ల అడుగుతుంది మరి. ఇప్పుడే చెప్పమంటుంది. ఏం చెప్పాలె?"

సుకుమార్ స్తుతి వైపు చూశాడు. జోజమ్మ తల వంచి నీలం చీర అంచులు కలుపుతోంది.

స్తుతి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. ఊపిరి లోపలికి తీసుకుంది. అది బయటికి వచ్చేటప్పుడు మాటతోపాటు వచ్చింది.

"ఒక్కదాన్నే బాలి. నేను ఒక్కదాన్నే వస్తున్న."

"సరే, గట్లనే చెప్త," అని బాలి పెట్టేసింది.

సుకుమార్ చేతిలోని దుమ్ముగుడ్డ నేల మీద పడింది. అతను దాన్ని వంగి తీయలేదు. తల్లి వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుని, గోడ మీద మెరుస్తున్న కొత్త డబ్బా వంక చూస్తూ ఉండిపోయాడు.

జోజమ్మ నీలం చీర మడత పూర్తి చేసింది. అరచేత్తో రెండుసార్లు సాపు చేసి సూట్‌కేసులో పెట్టింది. తర్వాతి చీర కోసం చెయ్యి చాచి, అది దొరక్క, పరుపు మీద అటూ ఇటూ తడిమింది.

"ఫోన్ల ఎవరే, బాలేనా?" అని అడిగింది మామూలుగా. "ఏమంటుంది? నాకు సరిగ వినపడలే."